చుండ్రుకి పేరు చెప్పి పంపేశాను

పదవీ విరమణకు ఇంకా నాలుగేళ్లుండగా, ఒక జూన్ నెల మొదటి వారంలో నన్ను తూర్పు గోదావరి వైపు ఒక ఏరియా ఆసుపత్రికి బదిలీ చేశారు. హోదా డిప్యూటీ సివిల్ సర్జన్. విభాగం డి.వి.ఎల్., అంటే చర్మవ్యాధులు, సుఖవ్యాధులు, కుష్ఠు, ఈ మూడింటినీ ఒకే బల్ల దగ్గర చూసే విభాగం. మండలాల్లో ఉండే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పైన, జిల్లా ఆసుపత్రికి కింద ఉండేది ఏరియా ఆసుపత్రి. ఆ ఊరి పేరు రాయను. నాతో పనిచేసినవాళ్లు కొందరు ఇంకా అక్కడే ఉన్నారు, ఈ సంగతిలో తప్పు వాళ్లది కాదు.

నాకు కోపం ఎక్కువ. దాన్ని చాలా ఏళ్లు నా ఉద్యోగానికి కావలసిన గుణంగానే చెప్పుకున్నాను. మందుల గదిలో సరుకు లేదంటే అరిచేదాన్ని. కుష్ఠు రోగిని బెంచీ చివరికి జరగమన్న వార్డుబాయ్ మీద అరిచేదాన్ని. తామరకి మందుల షాపువాడిచ్చిన స్టెరాయిడ్ క్రీము ఆరు నెలలు రాసుకుని ఒళ్లంతా పాకించుకుని వచ్చినవాళ్ల మీదా, ఇచ్చిన ఆ షాపువాడి మీదా అరిచేదాన్ని. డాక్టరమ్మ గారు తిడతారు గానీ మంచిదని బయట చెప్పుకుంటారని సిస్టర్ కుమారి అనేది. ఈ కుమారి మా ఓపీలో హెడ్ నర్సు, నాకన్నా రెండేళ్లు చిన్న, నా కోపాన్ని వాతావరణంలాగా భరించేది. ఆమె మాట నాకు లోలోపల ఇష్టంగానే ఉండేది.

ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో చుండ్రు కోసమే ఓపీ చీటీ రాయించుకున్న మనిషిని నేను అరుదుగా చూశాను. గజ్జి అనో, మంగు అనో వస్తారు. చూపించుకుంటారు. లేచి గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరుగుతారు. “ఇంకోటండి, తల ఒకటే దురదండి” అంటారు. అప్పటికే తరువాతి రోగి కుర్చీలో కూర్చుని ఉంటాడు. మేమూ ఆ గుమ్మం దగ్గరి ప్రశ్నకి గుమ్మం దగ్గరి జవాబే చెప్పేవాళ్లం.

చుండ్రు గురించి మా శాస్త్రం చెప్పేది పెద్ద కష్టమైనదేమీ కాదు. ప్రతి మనిషి తలమీదా కంటికి కనపడని ఒక రకం ఈస్టు ఉంటుంది. అది ఫంగస్ కుటుంబానికి చెందినది. చర్మంలోని గ్రంథుల నుంచి ఊరే జిడ్డు దాని తిండి. చాలామంది చర్మం దాన్ని పట్టించుకోదు. కొందరి చర్మం దానికి రేగుతుంది. అప్పుడు పైపొర తొందరతొందరగా రాలి పొలుసులవుతుంది, దురద పుడుతుంది, కొందరికి చెవుల వెనకా, కనుబొమలలోనూ కూడా ఎర్రబడుతుంది. ఇది పేలలాగా ఒక తల నుంచి ఇంకో తలకి పాకేది కాదు. శుభ్రంగా ఉండనివాళ్లకి వచ్చేదీ కాదు. మన వైపు ఆడవాళ్లు దురద పుట్టగానే తల ఎండిందనుకుని నూనె దట్టంగా పెట్టి, ముడి వేసి, వారం దాకా విప్పరు. జిడ్డు తిని బతికేదానికి విందు పెట్టినట్టే అది. ఈ నాలుగు ముక్కలూ చెప్పడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాల గురించే ఇదంతా రాస్తున్నాను.

ఆ ఏడు ఆగస్టులో కడియం నర్సరీల మధ్య ఒక కల్యాణమండపంలో ఉచిత వైద్య శిబిరం పెట్టారు. మా ఆసుపత్రి నుంచి నలుగురు స్పెషలిస్టులం వెళ్లాం. ఒక్కొక్కరికి ఒక బల్ల, బల్ల ముందు వరస, చివర మందుల కౌంటరు. తొమ్మిదిన్నరకి మొదలుపెట్టి ఒంటిగంటకి మూసేయాలి. నా బల్ల ముందు రెండు వందలకు పైగా చీటీలు పడ్డాయి. సాయంత్రం సూపరింటెండెంటుకి ఇవ్వవలసిన ఫారంలో ఎంతమందిని చూశారన్న గడి ఉంటుంది. ఎవరికి ఏం చెప్పారన్న గడి ఉండదు.

మాతో పంపిన మందుల పెట్టెలో చుండ్రుకి పనికొచ్చేది ఒక్కటీ లేదు. దానికి కావలసింది కీటోకొనజోల్ కలిసిన షాంపూ. అది మాకు సరఫరా అయ్యే జాబితాలో లేదు. సరఫరాలో లేనిదాన్ని బయట కొనుక్కోమని రాయకూడదని మాకు ఉత్తర్వు. కాబట్టి తల దురద అన్నవాళ్లకి మేం చేసేది ఒకటే. జుట్టు పాయ తీసి చూడటం, జబ్బు పేరు చెప్పడం, దురద తగ్గే మాత్రలు ఐదు రోజులకి రాయడం, తరువాతి చీటీ అందుకోవడం. ఆ వ్యవస్థ మీద నాకప్పుడూ కోపం వచ్చింది. కోపంగానే ఆ రెండు వందల మందినీ చూసి పంపేశాను.

పన్నెండు రోజుల తరువాత, ఓపీ కిటకిటలాడే ఒక సోమవారం, ఒక ఆటో డ్రైవరు ఒకామెను చెయ్యి పట్టుకుని నా గది దాకా నడిపించుకొచ్చి వెళ్లిపోయాడు. నలభై ఏళ్లుంటాయి. పేరు సత్యవతి. తలకి తువ్వాలు చుట్టుకుని ఉంది. రెప్పలు రెండూ వాచి మూసుకుపోయి, దారి కనపడక చేతులు ముందుకి చాచి నిలబడింది. కుమారి తువ్వాలు విప్పబోతే అది తలకి అతుక్కుపోయి రాలేదు. సెలైన్‌తో తడిపి తీయవలసి వచ్చింది. కింద నెత్తంతా ఎర్రగా పచ్చిపుండులా ఉంది, నీరు కారుతోంది. నుదురు, చెవుల వెనక, మెడ కూడా పొక్కిపోయాయి. జుట్టు కుదుళ్లలో లేత పసుపు రంగు పొడి గట్టిపడి ఉంది. గదంతా పురుగుమందుల కొట్టు వాసన.

ఎక్కడ పనిచేస్తున్నావని అడిగాను. నర్సరీలోనండి అంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. గ్లవ్స్ లేకుండా, ముఖానికి గుడ్డ లేకుండా ఆడకూలీల చేత మందు కొట్టించే యజమానుల గురించి అంతకుముందు విన్నాను. ఎవరు కొట్టించారు నీ చేత అని గద్దించాను. ఎవరూ కాదండి అంది. భయపడుతోందనుకున్నాను. రెండోసారి అడగలేదు.

చేయవలసిన వైద్యం మాత్రం సరిగానే చేశాం. ఇలాంటి రసాయనం చర్మాన్ని కాల్చినట్టు రేపితే దాన్ని కాంటాక్ట్ డెర్మటైటిస్ అంటారు. మొదటి మందు నీళ్లు. కుమారి ఆమెను పంపు కింద కూర్చోబెట్టి అరగంట సేపు తల మీద నీళ్లు ధార కట్టింది. కంటి డాక్టరుని పిలిపించి కంటిపాపలు చూపించాం. దేవుడి దయవల్ల కళ్లు లోపల బాగానే ఉన్నాయి. ఆడవాళ్ల వార్డులో చేర్చుకుని, తడిగుడ్డ కట్లు, కొద్దిరోజుల స్టెరాయిడ్ మాత్రలు, చీము పట్టకుండా యాంటీబయాటిక్ మొదలుపెట్టాం.

ఇక కాగితాల పని. విషపదార్థం తగిలి వచ్చిన కేసు మా రిజిస్టర్లలో ఎం.ఎల్.సి. అవుతుంది. మెడికో లీగల్ కేసు. డాక్టరు ఒక ఫారం నింపి ఆసుపత్రిలోనే ఉండే పోలీసు అవుట్‌పోస్టుకి పంపాలి, వాళ్లు సంబంధిత స్టేషనుకి తెలియజేస్తారు. ఆ ఫారంలో “రోగి చెప్పిన ప్రకారం” అని ఒక గడి ఉంటుంది. అందులో, పెన్ను కాగితంలోకి దిగేంత గట్టిగా, “నర్సరీలో పని సమయంలో రక్షణ పరికరాలు ఇవ్వకుండా పురుగుమందు కొట్టించినందువల్ల” అని రాశాను. సంతకం పెట్టి, హోదా ముద్ర వేసి పంపించాను. ఒక మంచి పని చేశానని ఆ మధ్యాహ్నం అన్నం తృప్తిగా తిన్నాను కూడా.

మర్నాడు పొద్దున్నే నర్సరీ యజమాని వచ్చాడు. వీర్రాజు గారు, యాభై దాటిన మనిషి, గట్టివాడు. కూర్చోమంటే కూర్చోలేదు. నిన్న సాయంత్రం ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చారనీ, బెంగళూరు లోడుకి వచ్చిన పార్టీ ముందు తనను నిలబెట్టి అడిగారనీ చెప్పాడు. మందు కొట్టించేటప్పుడు ఆలోచించాల్సిందని నేనన్నాను.

“మందు కొట్టేది మగాళ్లండి మేడమ్ గారు. ఆవిడ అంటు కట్టే మనిషండి. పదహారేళ్ల నుంచి స్ప్రేయరు ముట్టుకుని ఎరగదు. ఎవరు చెప్పారండి మీకు?”

నేను జవాబు చెప్పకుండా లేబర్ ఆఫీసు పేరెత్తాను. ఆయన గొంతు పెంచాడు. నేనూ పెంచాను. కుమారి వెళ్లి తలుపు మూసింది. ఆయన చెప్పినదాంట్లో ఒక ముక్క మాత్రం నా చెవిన పడింది. సత్యవతి తల నుంచి పొలుసులు రాలుతున్నాయని, అవి అంట్ల మీద పడుతున్నాయని, తమకీ అంటుకుంటుందని షెడ్డులో ఆడవాళ్లు ఆమె పక్కన కూర్చోబోమని మొండికేశారట. తగ్గించుకుని డాక్టరు దగ్గర కాగితం తెచ్చుకో, అప్పుడే బల్ల దగ్గరికి రా అని తాను చెప్పాడట. అంతకు మించి తనకేం తెలియదన్నాడు.

“ఇంక కాగితం కూడా అక్కర్లేదండి. ఆవిడే పోలీసుల్ని పంపించింది కదా. మా గేటు తొక్కొద్దని చెప్పండి” అని వెళ్లిపోయాడు.

మూడో రోజుకి సత్యవతి కళ్లు కొంచెం తెరుచుకున్నాయి. రౌండ్సులో ఆమె మంచం దగ్గర ఆగి, మీ యజమానికి గట్టిగా బుద్ధి చెప్పాను, పోలీసులకి కూడా రాశాను, నువ్వేం భయపడకు అని చెప్పాను.

“ఎంత పని చేశారండి” అంది.

తలగడ కింద నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం, మడతపెట్టిన ఒక చీటీ ఉన్నాయి. చీటీ నా చేతికిచ్చింది. శిబిరం చీటీ. పైన ఆమె పేరు, వయసు. కింద నా చేతిరాతలో జబ్బు పేరు, దురద మాత్రలు ఐదు రోజులు, నా పొట్టి సంతకం. ఆమెను శిబిరంలో చూసినట్టు నాకు ఏమాత్రం గుర్తు లేదు. ఇప్పటికీ లేదు.

“మీరే చూశారండి, కల్యాణమండపంలో. ఫంగసమ్మా అన్నారు. కౌంటరు దగ్గర అడిగానండి, ఫంగస్‌కి మందేదండి అని. అంతేనమ్మా, ఈ మాత్రలే అన్నారు. అయిదు రోజులూ మింగాను, నిద్రొచ్చింది గానీ రాలడం తగ్గలేదు. పని పోతోందండి అవతల. ఫంగస్‌కి మందు మాకు తెలీదేంటండి? అంటుకి బూజు పడితే మేమే కదండి పొడి కలిపి ముంచేది. మొక్క కాదు, మనిషి కదా అని సగమే కలిపానండి.”

నేను మంచం పట్టీ మీద కూర్చున్నాను. వార్డులో డాక్టరు రోగి మంచం మీద కూర్చోవడం మా పద్ధతి కాదు.

మిగతాది అడిగి తెలుసుకున్నాను. ఈసారి అడిగాను. నర్సరీ మందుల గదిలో నుంచి పొడి తనే తెచ్చుకుంది, ఎవరినీ అడగలేదు. అంట్లకి కొలిచే చెంచాతోనే కొలిచింది. కుదుళ్లకి పట్టించి, మందు ఆరిపోకుండా గుడ్డ చుట్టుకుని పడుకుంది. మొదటి రోజు మంట పుట్టింది, పనిచేస్తోందనుకుంది. తొందరగా తగ్గాలని మూడు రోజులు వరసగా పెట్టింది. మామిడి అంట్ల రోజులవి. వానాకాలం రెండు మూడు నెలలే ఆ పని ఉంటుంది, అంటుకింత అని కూలి, ఏడాదిలో ఆమె చేతికి నాలుగు డబ్బులొచ్చేది అప్పుడే. షెడ్డులో ఆమె బల్ల మొదటిది. లేత కొమ్మని ఏటవాలుగా కోసి, మొక్క చీలికలో కూర్చి, ప్లాస్టిక్ పట్టీ చుట్టడంలో ఆమె కట్టిన అంట్లు ఎండిపోవడం తక్కువని తరువాత ఆ వీర్రాజు గారే ఒప్పుకున్నాడు. ఆ బల్ల కోసం ఆమె ఇదంతా చేసింది.

ఆమె మీద అరవడానికి నాకు ఏదైనా దొరుకుతుందేమోనని వెతికాను. అది నా అలవాటు. దొరకలేదు. జబ్బు ఏదో డాక్టరు నోటి నుంచి విన్నది. ఆ జబ్బుకి తన ఎరుకలో ఉన్న మందు ఎంచుకుంది. మోతాదు తగ్గించింది. చర్మానికి తగిలి ఉండాల్సిన సమయం గురించి కూడా ఆలోచించింది. మేం మెడికల్ కాలేజీలో పిల్లలకి నేర్పే వరస అదే. ఆమెకి తెలియనిది ఒక్కటే, మొక్క ఫంగస్ మందు మనిషి చర్మాన్ని కాలుస్తుందని. చెప్పవలసిన మనిషిని నేను. “నర్సరీలో పనిచేస్తావా, ఆ మందులేవీ తలకి పెట్టకు” అని ఒక్క మాట. కడియంలో కూర్చుని, తల దురదన్న నర్సరీ కూలీలందరికీ ఫంగస్ అన్న మాట పంచిపెట్టి, ఆ మాట వాళ్లు రోజూ ఏ డబ్బా మీద చూస్తారో నాకు తట్టలేదు. వేరే డాక్టరెవరైనా ఆ పని చేసి ఉంటే నేను జిల్లా అంతా వినపడేలా తిట్టేదాన్ని.

ఇక ఆ ఎం.ఎల్.సి. కాగితం. రోగి చెప్పిన ప్రకారం అన్న గడిలో నేను రాసింది రోగి చెప్పలేదు. అడిగితే, ఎవరూ కాదండి అని చెప్పింది. అది రాయలేదు. నా కోపం చెప్పినది రాశాను. మరునాడే స్టేషనుకి ఒక లేఖ రాశాను. ఫారంలోని వాక్యం నాది, రోగిది కాదు, ఆమె ఫలానా రోజు శిబిరంలో నేను ఇచ్చిన అసంపూర్ణమైన సలహా మీద తానే ఆ పొడి పెట్టుకుంది, యజమానికి ప్రమేయం లేదు అని. మా సూపరింటెండెంటు అది చదివి, అసంపూర్ణమైన సలహా అన్న ముక్క తీసేయండి మేడమ్, కేసు ఎలాగూ మూసేస్తారు కదా అన్నాడు. మంచి ఉద్దేశంతోనే అన్నాడు. ఆయన మీదా అరిచి, తీయకుండానే పంపాను. కేసు మూసేశారు.

తరువాతి ఆదివారం ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద మరో కాగితం రాసుకుని కడియం వెళ్లాను. సత్యవతికి ఉన్నది అంటువ్యాధి కాదు, మూడు వారాల్లో పనిలోకి రావచ్చు, ఎవరి పక్కనైనా కూర్చోవచ్చు అని. నర్సరీలోకి అడుగు పెట్టగానే ఆ తల ఎందుకలా అయిందో సగం అర్థమైంది. ఆకుపచ్చ వల కింద, పైపుల నుంచి తుంపర పడుతూ, గాలి ఆడని ఉక్కలో పదిమంది ఆడవాళ్లు వరుసగా కూర్చుని అంట్లు కడుతున్నారు. అందరి తలలకీ నూనె, ముడి, పైన గట్టిగా చుట్టిన తువ్వాలు. పొద్దున్న తడిసిన తల సాయంత్రం దాకా ఆరే దారి లేదు. ఇన్నేళ్లూ నా కుర్చీ ముందు కూర్చున్న తలలు ఎక్కడి నుంచి వస్తాయో నేను వెళ్లి చూడలేదు.

మొదటి బల్ల దగ్గర వేరే ఆమె కూర్చుని ఉంది.

వీర్రాజు గారు మర్యాదగానే కుర్చీ వేయించాడు. పోలీసులకి నేను రాసిన రెండో కాగితం సంగతి ఆయనకి తెలిసింది. అయినా అంటురోగం కాదన్న మాట ఆయన నమ్మలేదు. ఆడవాళ్లూ నమ్మలేదు. నా ఓర్పు అయిపోయింది. ఆయన్ని తల వంచమన్నాను. ఏంటండి అన్నాడు. వంచండి అన్నాను. వంచాడు. ఆయన జుట్టు పాయ తీసి, ముదురు నీలం చొక్కా భుజం మీద రెండు వేళ్లతో రాల్చి, ఆ తెల్లటి పొలుసులు అందరికీ చూపించాను. ఇది మీ యజమానికీ ఉంది, మీలో సగం మందికి ఉంది, నాకూ చలికాలంలో వస్తుంది, సత్యవతి మీకెవరికీ అంటించలేదు, ఆమె దగ్గర మీరెవరూ తెచ్చుకోలేదు అని చెప్పాను. ఆడవాళ్లు మూతికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఇద్దరు వాళ్ల తలలు కూడా చూడమన్నారు. నిలబడే చూశాను, ఒక్కొక్కరికి రెండు నిమిషాలు చెప్పాను. ఆ మందుల గదిలో పొడి ఏదీ ఒంటికి పెట్టకూడదని మొదట చెప్పాను.

వీర్రాజు గారు చొక్కా దులుపుకుని, నా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“అర్థమైందండి. రానివ్వండి, వద్దననండి. కానీ సీజను మధ్యలో ఈవిడని లేపేసి ఆ బల్ల మళ్లీ ఆవిడకివ్వడం కుదరదండి. కవర్లలో మట్టి నింపే కాడ చేరమనండి.”

అరవడానికి నోరు తెరిచాను. అరవలేదు. మొదటి రోజు నేను పోలీసుల్ని పంపకపోయి ఉంటే ఆ బల్ల ఖాళీగా ఉంచేవాడా అని అడిగాను. ఉంచేవాణ్ణేనండి, మంచి చెయ్యి కదా అన్నాడు. అబద్ధం చెప్పాడని అనుకుంటే నాకు సుఖంగా ఉండేది. అబద్ధంలా లేదు.

ఆరు వారాలకి సత్యవతి రివ్యూకి వచ్చింది. పుండ్లు మానాయి. నుదుటి దగ్గర ఊడినచోట పొట్టి వెంట్రుకలు లేస్తున్నాయి. గోళ్లలో ఎర్రమట్టి ఉంది. అసలు చుండ్రు మాత్రం మళ్లీ మొదలైంది. అది మొదలవుతుందని నాకు తెలుసు. ఈసారి తలుపు వేసి, ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాను. కీటోకొనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు. తల తడిపి, జుట్టుకి కాదు, నెత్తి చర్మానికి పట్టించాలి. ఐదు నిమిషాలు అలాగే ఉంచి కడగాలి, అంతకు మించి ఉంచితే ఎక్కువ పనిచేయదు. నాలుగు వారాలు అలా చేశాక వారానికోసారి, తగ్గి నిలబడితే రెండు వారాలకోసారి. నూనె పెట్టాలనిపిస్తే తలస్నానానికి ఒక గంట ముందు కొసలకి పెట్టి కడిగేయాలి, నెత్తిన నిలవ ఉంచకూడదు. తడి జుట్టు ముడి వేయకూడదు. పనిలో తువ్వాలు వదులుగా కట్టుకోవాలి, మధ్యాహ్నం అన్నానికి లేచినప్పుడు విప్పి ఆరబెట్టుకోవాలి. దువ్వెనతో పొలుసులు గీకకూడదు. నిమ్మరసం, వేపాకు, ఎవరు ఏం చెప్పినా పుండు మానిన ఆ చర్మానికి పెట్టకూడదు. ఎర్రబడినా, నీరు కారినా, జుట్టు గుండ్రంగా మచ్చల్లా ఊడినా అది చుండ్రు కాదు, వెంటనే రావాలి. చెప్పినదంతా ఆమె చేత తిరిగి చెప్పించుకున్నాను. ఒక్కటి కూడా మరిచిపోలేదు. షాంపూ పేరు తెల్లకాగితం మీద రాసిచ్చాను. దానికి తరువాత నాకు మెమో వచ్చింది, జవాబు రాశాను, ఆ రెండూ నా సర్వీసు ఫైలులో ఉంటాయి.

“పూర్తిగా పోతుందాండి?” అని అడిగింది.

పోదు, అదుపులో ఉంటుంది, వదిలేస్తే మళ్లీ వస్తుంది అన్నాను. ఆమె కాగితం ఆ ప్లాస్టిక్ కవరులో పెట్టుకుంది.

“ఇదేదో ఆ రోజే చెప్పాల్సిందండి” అంది. కోపంగా అనలేదు.

ఆ ఏడు ఆమె మళ్లీ మామిడి అంట్లు కట్టలేదు. సీజను అయ్యేదాకా మట్టి నింపింది. మరుసటి ఏడు వేరే నర్సరీకి మారిందని విన్నాను, అక్కడ ఏ పనిలో పెట్టుకున్నారో తెలియదు.

షాంపూని సరఫరా జాబితాలో చేర్చమని మిగిలిన నాలుగేళ్లలో ఎన్నోసార్లు రాశాను. జవాబు రాలేదు. శిబిరాలకి మాత్రం, నా బల్ల ముందు ఎన్ని చీటీలుండాలో ముందే చెప్పి, అంతకు మించితే లేచి వచ్చేసేదాన్ని. అందుకూ మాటలు పడ్డాను.

వైద్యంలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇది. రోగికి జబ్బు పేరు చెప్పిన క్షణం నుంచి ఆమె వైద్యం మొదలుపెట్టేస్తుంది, మీరు మందు చెప్పినా చెప్పకపోయినా. ఆమె చేతికి అందేది ఏమిటో, ఆమె పనిచేసే చోట ఏముందో అడగకుండా పేరు చెప్పకండి. రోగి చెప్పిన ప్రకారం అన్న గడిలో రోగి చెప్పిందే రాయండి. నేను సత్యవతిని అడగవలసింది అడగకుండా రెండుసార్లు వదిలేశాను, ఒకసారి తొందరలో, ఒకసారి కోపంలో. తొందరకి ఆ శిబిరాన్నీ ఆ లెక్కల ఫారాన్నీ తప్పు పట్టగలను. కోపం మాత్రం నాది. ఆమె బల్ల పోయింది దానివల్లే.